క్లచ్ నాది, గేర్లు వీర్రాజుగారివి

2003 జూన్‌లో నన్ను రాజమండ్రి నుంచి డెల్టా లోపల ఒక చిన్న యూనిట్ ఆఫీసుకు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లంటారు. లైట్లు, హారన్లు, పొగ, చివరికి మనుషుల ఓపిక కూడా మేమే పరీక్షిస్తాం కానీ పేరు మాత్రం బ్రేకులకే దక్కింది.

లైసెన్సు పరీక్షలో ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం ఒక అంశం. మా ప్రాంతంలో కొండ అన్నది లేదు, ఎటు చూసినా వరిచేలే. అందుకని ఆఫీసు దగ్గర కాలవ వంతెన ఎక్కే చోటే మాకు కొండ. అక్కడ బండి ఆపించి, నేను దిగి, వెనక చక్రానికి బెత్తెడు దూరంలో అగ్గిపెట్టె పెట్టేవాణ్ణి. అది నలిగితే ఫెయిల్. దాన్ని కాపాడేది హాఫ్ క్లచ్. అంటే క్లచ్ పెడల్‌ను పూర్తిగా వదిలేయకుండా, ఇంజను బండిని అందుకునే చోట కాలు నిలిపి ఉంచడం. ఆ చోటు ఎక్కడుందో ఏ పుస్తకమూ చెప్పలేదు, కాలికి తెలియాలి. అది తెలిసిన కాలికి బండి నడపడమంత సరదా మరొకటి లేదని నా నమ్మకం.

ఆ ఆగస్టులో వీర్రాజుగారు పరీక్షకు వచ్చారు. పాతికేళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపి, తర్వాత పక్క ఊళ్లో పురుళ్లు పోసే డాక్టరమ్మ దగ్గర డ్రైవరుగా చేరిన మనిషి. నెలలు నిండిన ఆడవాళ్లు బండిలో ఉంటే ఆయన గేరు మార్చిన సంగతే తెలిసేది కాదని ఊళ్లో జనం చెప్పుకునేవారు. ఏడాది కిందట రోడ్డు పక్కన టైరు మారుస్తుండగా ట్రాక్టరు తొట్టి తగిలి, ఎడమ కాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. క్లచ్ ఎడమ కాలి పని. దాంతో పాత లైసెన్సు చెల్లకుండా పోయింది. డాక్టరమ్మ ఆయన్ని వదులుకోలేక, హైదరాబాదు నుంచి ఒక పాత ఆటోమేటిక్ కారు తెప్పించారు. అందులో క్లచ్ ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. మా ఆఫీసులో అలాంటిది చూసినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. పాసైతే ఆటోమేటిక్ బండికి మాత్రమే అని రాసి లైసెన్సు ఇస్తాం, ఆయన ఉద్యోగం నిలుస్తుంది. ఫెయిలైతే ఇక ఇంటి అరుగే గతి.

కాలవ మలుపు దాకా బాగానే నడిపారు. మలుపులో వేగం తగ్గగానే ఆయన పెట్టుడు కాలు అలవాటు కొద్దీ క్లచ్ కోసం దిగింది. క్లచ్ లేని బండిలో బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది. ఆ కాలు దాని మీద పడింది, నా నుదురు ముందు అద్దం మీద పడింది. సంత దగ్గర మళ్లీ అదే జరిగింది. ఫెయిల్ చేశాను. నిబంధన ప్రకారం వారం ఆగి మళ్లీ రావాలి.

“పాతికేళ్ల డ్రైవరండి ఆయన. ఫెయిల్ చేసేశారేంటండి?” అన్నారు డాక్టరమ్మ.

“ఆ పాతికేళ్లే ఆయన్ని ఫెయిల్ చేశాయండి,” అన్నాను.

గేర్లు మార్చే బాధ తప్పింది, హాయిగా కూర్చుని నడుపుకోవచ్చు కదా అనుకున్నానని ఆవిడ బాధపడ్డారు.

వారం తర్వాత వీర్రాజుగారు పెట్టుడు కాలు ఊడదీసి, వెనక సీట్లో పెట్టి కూర్చున్నారు. ఈసారి ఒక్క తప్పూ లేదు. అయితే రెండో గేరు, మూడో గేరు పడాల్సిన వేగం వచ్చినప్పుడల్లా మడిచి కట్టిన ఎడమవైపు పంట్లాం కాస్త లేచి కిందికి దిగేది. లేని కాలుతో ఆయన క్లచ్ తొక్కుతున్నారు.

వంతెన దగ్గర అగ్గిపెట్టె పెట్టాను. కారు నింపాదిగా ఎక్కింది. పెట్టె చెక్కు చెదరలేదు.

“బాగా ఎక్కించారండి,” అన్నాను.

“నేనెక్కించలేదండి. అదే ఎక్కిందండి.”

అక్కడే సంతకం పెట్టేస్తే సరిపోయేది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. పరీక్షకు వచ్చిన డ్రైవింగ్ స్కూలు కారు ఒకటి మా ఆఫీసు ఖాళీ స్థలంలో ఉంది. నేర్పేవారి కోసం వాటికి ఎడమ సీటు కింద కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. స్కూలు ఓనరుని పది నిమిషాలు కారు అడిగాను. క్లచ్ నేను తొక్కుతాను, గేర్లు మీరు వేయండని వీర్రాజుగారితో చెప్పాను. ఆవరణ దాటనంతవరకు తప్పు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పై అధికారిని అడిగే ధైర్యం చేయలేదు.

మొదటిసారి కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

“అబ్బే, అంత గబుక్కున వదిలేత్తే ఎలాగండి? ఇంజను ఏమంటందో వినండి!”

ఉద్యోగంలో చేరాక నన్ను అలా కసిరినవాళ్లు లేరు. ఆయన “ఊఁ” అంటే తొక్కడం, “ఆఁ” అంటే వదలడం. నాలుగో చుట్టులో రెండు నుంచి మూడుకి మారింది, మాకిద్దరికీ తెలియనే లేదు. ఆయన పైకే నవ్వేశారు. నేనూ నవ్వాను. తర్వాత ఆపి, న్యూట్రల్‌లో వేసి, గేరు రాడ్‌ను అటూ ఇటూ కదిపి చూసుకున్నారు. చెయ్యి మాత్రం చాలాసేపు తియ్యలేదు.

“ఇంక చాలండి. డాక్టరమ్మగారికి ఆస్పత్రి టైమైపోతంది.”

కాగితం మీద ఆటోమేటిక్ బండికి మాత్రమే అని రాసి సంతకం పెట్టాను. ఆయన అది రెండుసార్లు చదువుకుని తలెత్తారు.

“మీరు నాకు పాసిచ్చారు గానండి, మీ క్లచ్‌కి నేనిచ్చేది ఫెయిలేనండి. వారం ఆగి రండి.”

నేను వెళ్లలేదు. పని ఒత్తిడి అనుకుంటూ ఉండగానే మళ్లీ బదిలీ వచ్చింది. బండి అదుపులో ఉందా లేదా అన్నదే మా ఫారం అడుగుతుంది. నడిపేవాడికి అందులో ఏం దక్కుతోందో రాసే గడి దానిలో లేదు, ఉండనక్కర్లేదు కూడా. కానీ ఫారంలో గడి లేనంత మాత్రాన ఆ సంగతే లేదనుకోకూడదని ఆ పది నిమిషాల్లో తెలుసుకున్నాను.

మోకాళ్ల నొప్పులొచ్చి ఇప్పుడు నేనూ ఆటోమేటిక్కే నడుపుతున్నాను. సుఖంగానే ఉంది. ఏ ఊళ్లోనైనా కాలవ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం ఎడమ కాలు ఉత్త నేలను తొక్కుతుంది. ఆయన చెప్పినట్టు, నెమ్మదిగా వదులుతాను.