రొట్టెలావిడ పలికిన సాయంత్రం

మా మేనమామను వీధిలో అందరూ తాబేలు అనేవారు. బట్టలకు నీలిరంగు అద్దడం ఆయన పని. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీలంగానే ఉండేవి. ఎవరైనా గట్టిగా దగ్గితే చాలు, మెడ భుజాల్లోకి లాగేసుకునేవాడు. రంగు వెలిసిందని ఎవరైనా తిడితే, తప్పు ఎవరిదో అడగకుండానే మళ్ళీ అద్ది ఇచ్చేవాడు. పిరికివాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మామంటే మాత్రం ప్రాణం.

మా అమ్మ ఆయనకు అక్క. ఆమెది రొట్టెల బట్టీ, నోరు కూడా బట్టీలాంటిదే. క్రీస్తు మాట మా ఊళ్ళోకి వచ్చిన కొత్తలోనే నమ్మింది. రాజుగారి బొమ్మ ముందు సాంబ్రాణి వెయ్యమంటే, "నా బట్టీ పొగ చాలదా నాయనా?" అనేసి వచ్చింది. ఆ మాట చేరవలసిన చోటికి చేరేలోపే ఊళ్ళోకి విషజ్వరాలు వచ్చాయి. ఇంటివాళ్ళే వదిలేసి పారిపోయిన రోగులను అమ్మ బట్టీ వెనకగదికి తెచ్చుకుంది. చివరికి అదే జ్వరం ఆమెనూ తీసుకుపోయింది.

నమ్మినవాళ్ళం కూడుకునేది మామ అద్దకం గది కింద, నేలమాళిగలో. అక్క మాట కాదనలేక ఇచ్చాడు తప్ప, తను మాత్రం మెట్ల మీదే తడిబట్ట పిండుతూ కూర్చునేవాడు, ఎవరైనా వస్తే పనివాడు అనుకోవాలని. మాళిగ వెనక ఒక పాత రాతిగని సొరంగం ఉంది. మాలో చనిపోయినవాళ్ళను అక్కడే, గోడలో గూడు తొలిచి పెట్టేవాళ్ళం.

మాకో అలవాటు ఉండేది. భోజనానికి ముందు చెప్పులు కుట్టే తాత ఒక్కొక్కరినే, చేసే పనిని బట్టి పిలుస్తాడు. బతికున్నవాళ్ళు ఎవరికి వారు పలుకుతారు. పోయినవాళ్ళను పిలిస్తే అందరం కలిసి "ఉన్నా" అంటాం. మనలోంచి ఎవరూ ఎక్కడికీ పోలేదని దాని అర్థం. అమ్మ పోయాక మొదటిసారి "రొట్టెలావిడ" అని పిలిచినప్పుడు నాకు కోపం ముంచుకొచ్చింది. ఉందట! ఎక్కడుంది? పొద్దున్నే పిండి పిసికేది నేను కదా! అయినా నోరు అందరితో పాటు పలికేసింది. మామ మాత్రం మెట్ల మీద నుంచి పలకలేదు.

మేం పలికాక సొరంగంలోంచి ఇంకో "ఉన్నా" వచ్చేది. గుహ కదా, మారు పలుకుతుంది అనుకునేవాళ్ళం. కానీ మారు పలికితే అందరి గొంతులూ రావాలి. ఇది ఒక్క గొంతే. ఆడగొంతు. ఒక్కోసారి మాకంటే ముందే వచ్చేది. అప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

ఆ సాయంత్రం ఊరంతా మంచు దిగింది. రొట్టె చేతిలోకి తీసుకున్నామో లేదో, పైన తలుపు ధడాలున తెరుచుకుంది. ఒక అధికారి, అతని భటులు మామను దాటుకుని మెట్లు దిగారు. అమ్మ అన్న సాంబ్రాణి మాట చివరికి చేరింది కానీ, ఆమె పోయిన సంగతి వాళ్ళకు తెలియదు. గుట్టుగా పెట్టాం కదా. చచ్చిపోయిందయ్యా అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది.

"రొట్టెలావిడ ఎవరు?" అని అధికారి గద్దించాడు.

"ఉన్నా!" అన్నాం అందరం.

అలవాటు. ఇంత తెలివితక్కువ పని లోకంలో ఇంకెవరైనా చేస్తారా? మేం నాలుక కరుచుకునే లోపే సొరంగంలోంచి ఆ ఒక్క గొంతు, తాపీగా, "ఉన్నా" అంది.

"ఓహో, లోపల దాక్కుందా? బయటికి రమ్మనండి."

"ఆవిడ పోయింది బాబూ," అన్నాడు తాత.

"ఇప్పుడేగా పలికింది! నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా? ఆవిడ రాకపోతే పిల్లాజెల్లాతో సహా అందర్నీ ఈడ్చుకుపోతా." అంటూ మామ వైపు తిరిగాడు. "నువ్వూ వీళ్ళ మనిషివేనా, పనివాడివా?"

పనివాణ్ణి అంటే చాలు, తలుపు తెరిచే ఉంది. అను మామా, అనేసి వెళ్ళిపో అని లోపల్లోపలే వేడుకున్నాను. నాకు మిగిలింది ఆయన ఒక్కడే.

"వీళ్ళ మనిషినే," అన్నాడు మామ. గొంతు పీలగా వచ్చింది. "ఆవిడ మా అక్క. రండి, చూపిస్తాను."

దీపం నేను పట్టుకున్నాను. నేలంతా రాతిపొడి కావడంతో మా అడుగుల చప్పుడు మాకే వినిపించలేదు. చివర అమ్మను పెట్టిన గూడు. దాన్ని మామే బంకమట్టితో మూశాడు. మట్టి మీద ఆయన అరచేతి గుర్తు నీలంగా ఉంది. దాని పక్కన ఇంకో అరచెయ్యి కనిపించింది. చిన్నది, పిండి అంటినట్టు తెల్లగా. ముందురోజు నేను చూసినప్పుడు అది లేదు. నాది కాదు, నా వేళ్ళు పొడుగు.

అధికారి మొండివాడు. గోడకు మొహం ఆనించి, "రొట్టెలావిడా!" అని వెక్కిరింతగా పిలిచాడు.

మామా నేనూ నోరు విప్పలేదు.

"ఉన్నా," అని మట్టి అవతలి నుంచి వినిపించింది.

అధికారి గిరుక్కున వెనక్కి తిరిగాడు. మాళిగలోకి వచ్చాక చూస్తే మొహంలో నెత్తురు చుక్క లేదు. పైవాళ్ళకు ఎవరో ఒకరిని చూపించాలి కాబట్టి, ఒప్పుకున్న మామ చేతులు మాత్రం కట్టించాడు. "నీకు భయం వెయ్యదా?" అని అడిగాడు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు.

"కాళ్ళు వణకడం కనబడ్డం లేదా అయ్యా?" అన్నాడు మామ. "పదండి, పడిపోకముందే."

దారిలో సంగతి మామే తర్వాత చెప్పాడు. పక్క మనిషి కనిపించనంత మంచు. కొంతదూరం పోయాక వెనక అడుగులు వినిపించాయట. అధికారీ, కట్టిన తాడు పట్టుకున్న భటులూ ముందే ఉన్నారు. మరి వెనక ఎవరు? చాలా అడుగులు, నెమ్మదిగా, మాటామంతీ లేకుండా. సొరంగంలో వాళ్ళంతా లేచి వస్తున్నారనుకున్నాడు. భటులూ అదే అనుకున్నారు కాబోలు, ఒక్కడూ వెనక్కి తిరగలేదు, నడక మాత్రం పెంచారు.

చెరసాల గుమ్మం దగ్గర ఆయన భుజం మీద ఒక చెయ్యి పడింది. మామ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెయ్యి వెచ్చగా ఉంది.

"కాస్త మెల్లగా నడవకూడదట్రా?" అని తాత ఆయాసపడ్డాడు. "నా మోకాళ్ళు అసలే అంతంతమాత్రం."

తాత వెనక నేను, నా వెనక మాళిగలో ఉన్నవాళ్ళందరూ. రొట్టె ఇంకా చేతుల్లోనే ఉంది. మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు. కాపలావాడు కాగడా పైకెత్తి, "పట్టుకొచ్చింది ఒకణ్ణే కదా, ఈ గుంపంతా ఎవరు?" అన్నాడు.

"మావాళ్ళు," అన్నాడు మామ ఏడుస్తూనే. "లోపల అందరికీ చోటుందా?"