మోకాల్లో ప్రతీకారం

ఆ రోజుల్లో నేను చేసిన ఘనకార్యాల్లోకెల్లా గొప్పది, బొత్తిగా రాని పనిని వచ్చని చెప్పి, వాళ్ళిస్తామన్న జీతం మీద ఇంకాస్త పైకి బేరమాడి మరీ కుదురుకోవడం. ఇది అందరి వల్లా అయ్యే పని కాదు. ప్రత్తిపాడులో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన, కందిపప్పు బస్తా మీద కూర్చుని పెరిగిన పిల్లకే సాధ్యం. మా ఇంట్లో పుట్టినవాళ్ళకి మాటలకంటే ముందు బేరం వస్తుంది. ఎదుటివాడికి ఏది అవసరమో కనిపెట్టు, నీ దగ్గర అది లేకపోయినా ఉన్నట్టే మొహం పెట్టు, లోపలికెళ్ళి వెతుకుతున్నట్టు వెతికి ఈలోగా పక్క కొట్టు నుంచి తెప్పించు, ఇదీ మా నాన్న నేర్పిన వ్యాపారం. (పక్క కొట్టు మా బాబాయిది. ఆయనా మా కొట్టుతో ఇదే చేసేవాడు కాబట్టి ఎవరికీ బాధ లేదు.) మాటల్ని కూడా అలాగే అమ్మొచ్చనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న ఏడాది, గుంటూరు కొత్తపేటలో ఒక నరాల డాక్టరమ్మ దగ్గర మనిషి కావాలని తెలిసింది. ఆవిడ తెలుగువాళ్ళ అమ్మాయే గానీ, పుట్టిందీ చదివిందీ నాగ్‌పూర్‌లో. ఆవిడ తెలుగు "తిన్నావా, పడుకున్నావా, ఎక్కడ నొప్పి" దగ్గర ఆగిపోయింది. పల్నాడు నుంచీ ఒంగోలు వైపు నుంచీ వచ్చే రోగులు చెప్పేది ఆవిడకీ, ఆవిడ చెప్పేది రోగులకీ అందజేసే మనిషి కావాలి. వెళ్ళాను. "నెర్వ్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. "నాడి అండి." "స్పైనల్ కార్డ్?" "వెన్నుపాము." "బిహేవియర్?" "ప్రవర్తన." "రిఫ్లెక్స్?" "అసంకల్పిత ప్రతీకార చర్య" అన్నాను, ఊపిరి పీల్చకుండా. పదో తరగతి తెలుగు మీడియం జీవశాస్త్రంలో మెదడు పాఠం నాకు అప్పటికీ కంఠతా వచ్చు. ఆవిడ అడక్కుండానే మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం కూడా పెళ్ళిపత్రికలో పేర్లు చదివినట్టు చదివేశాను. ఎవరికీ అర్థం కాని సరుకు ఎంత ఎక్కువుంటే కొట్టు అంత పెద్దదిగా కనపడుతుంది. డాక్టరమ్మ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసే జీతం పెంచి అడిగాను. ఒప్పుకుంది, నెల రోజులు పని చూసి గానీ ఖాయం చెయ్యనన్న షరతు మీద.

ఆ మాటలు పుస్తకం దాటి బయటికొస్తే నాలుగడుగులు కూడా నడవలేవని మొదటి వారంలోనే తెలిసింది. "మీ నాడులు పరీక్ష చెయ్యాలండి" అంటే రోగులు మణికట్టు చాపేవాళ్ళు. మా వైపు నాడి అంటే చెయ్యి పట్టుకుని చూసేది. మిగతాదంతా నరమే. ఇంజెక్షన్ నరానికి చేస్తారు, పిక్క పట్టేస్తే నరం లాగిందంటారు, మెడ తిరక్కపోతే నరం మీద నరం ఎక్కిందంటారు. రక్తం పారేదీ నరమే, కబురు మోసేదీ నరమే, బిగుసుకునేదీ నరమే. ఒక్క మాటతో జిల్లాలకి జిల్లాలు హాయిగా కాలక్షేపం చేస్తుంటే, నేను మధ్యలో దూరి దానికి నాలుగు పేర్లు పెట్టాను. "వెన్నుపాములో వాపుందండి" అన్నానని ఒక పత్తి రైతు భార్య కుర్చీలోంచి లేచి వెనక్కి తిరిగి చూసుకుంది. మతిమరుపు ముదిరిన ముసలావిడని తీసుకొచ్చిన కోడలిని "మీ అత్తగారి ప్రవర్తనలో ఏమైనా తేడా కనపడిందా?" అని అడిగాను. ఆ కోడలు నన్ను ఎగాదిగా చూసి, "నాకూ మా అత్తకీ లక్ష గొడవలుండనీ తల్లీ. ఆమె మాత్రం అట్లాంటి మనిషి కాదు" అంది. ఏమంటోందని డాక్టరమ్మ అడిగితే "నార్మల్ అంటున్నారండి" అని చెప్పాను. (దొరికిపోయేటప్పుడు చిన్న మాటతో బయటపడాలి. ఇదీ కొట్లో నేర్చిందే.)

ఇలా ఉండగా ఒక గురువారం దాచేపల్లి నుంచి ఇద్దరొచ్చారు. పెద్దాయనకి అరవై ఉంటాయి, మిరప రైతు. రెండు నెలలుగా కాళ్ళు బిగుసుకుపోతున్నాయి, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఆయన్ని కార్లో తీసుకొచ్చినాయన వరసకి తమ్ముడు, బాబాయి కొడుకు. ఇద్దరికీ చేలగట్టు దగ్గర తగాదా వచ్చి, నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరిగి, ఆ మధ్యనే పెద్దమనుషుల్లో రాజీ పడ్డారు. ఈ సంగతంతా తమ్ముడే కూర్చున్న అయిదు నిమిషాల్లో చెప్పేశాడు. "పాతయ్యన్నీ వదిలేశామమ్మా. మా అన్న కాళ్ళు బాగుపడితే అంతే చాలు" అన్నాడు. రాజీ ఇంకా కొత్తది కాబట్టి ఇద్దరూ వియ్యంకుల్లా మర్యాదలు చేసుకుంటున్నారు. ("మంచినీళ్ళు తాగు అన్నా." "ముందు నువ్వు తాగు తమ్ముడూ.")

డాక్టరమ్మ పెద్దాయన్ని బల్ల అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టి, చిన్న రబ్బరు సుత్తి తీసింది. ఎదురుగా స్టూలు మీద తమ్ముడు. "రిఫ్లెక్స్ చూస్తానని చెప్పు" అంది నాతో. నేను గొంతు సవరించుకున్నాను.

"పెద్దాయనా, మీలో ప్రతీకారం ఎంతుందో చూస్తారంట."

పెద్దాయన తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు నా వంక చూశాడు.

"అదేందమ్మా, అయ్యన్నీ అయిపోయినయ్యి. నాలో అట్లాంటిదేం లేదు" అన్నాడు పెద్దాయన.

"మీకు తెలియదండి. అది మోకాల్లో ఉంటుంది. సుత్తితో తడితే దానంతటదే బయటపడుతుంది. దాచుకుందామన్నా దాగదు."

"ఉందా అన్నా?" అన్నాడు తమ్ముడు, మెల్లిగా.

"ఒరేయ్, లేదంటున్నాగా."

డాక్టరమ్మ మోకాలి చిప్ప కింద తట్టింది. బిగుసుకుపోయిందని తెచ్చిన కాలు కోడెదూడ కాలులా లేచి తమ్ముడి తొడ మీద తన్నింది. డాక్టరమ్మ మొహం గంభీరంగా అయిపోయింది. రెండో కాలూ తట్టింది. అదీ తన్నింది. "మామూలు కంటే చాలా ఎక్కువ ఉంది. చెప్పు" అంది ఇంగ్లీషులో. చెప్పడానికేగా నాకు జీతం. చెప్పాను.

"మామూలు మనుషుల కంటే చాలా ఎక్కువ ప్రతీకారం ఉందంటండి. రెండు కాళ్ళలోనూ."

తమ్ముడు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నాలుగేళ్ళు కోర్టులో కూడా ఇంత బయటపడలా అన్నా" అని కారు తాళాలు తీసుకుని నడిచాడు. పెద్దాయన బల్ల దిగి, "ఒరేయ్ ఆగరా, నేను తన్నలా, అదే లేచింది" అంటూ గోడ పట్టుకుని వెనకాలే వెళ్ళాడు. ఒక చెప్పు మా గదిలోనే జారిపోయింది. అది జారిన సంగతి ఆయనకి తెలియదు. ఆయన జబ్బే అది.

డాక్టరమ్మకి జరిగింది అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "ప్రతీకారం అంటే ఏంటి?" అని అడిగింది. రివెంజ్ అని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మెడలో ఎముక పెరిగి లోపలి వెన్నుపామును నొక్కుతోందని ఆవిడ అనుమానం. వెంటనే స్కానింగ్ తీయించాలి, ఆలస్యమైతే కాళ్ళలో పోయిన బలం మళ్ళీ రాదు. "నీ ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆయన్ని వెనక్కి తీసుకురా" అంది.

చీటీ మీద ఉన్నది తమ్ముడి నంబరు. ఒక్కసారి ఎత్తి, "మీ సుత్తి, మీ ప్రతీకారం మీ దగ్గరే పెట్టుకోండి" అని పెట్టేశాడు. ఆదివారం ఆ చెప్పు సంచిలో వేసుకుని దాచేపల్లి బస్సెక్కాను. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము నెత్తిన పోయించుకుని ఇల్లు వెతుక్కుంటూ వెళితే, పెద్దాయన భార్య గేటు దగ్గరే నిలబడి, "మా ఆయన మీద లేనిపోని నింద వేసింది నువ్వేనా? వాళ్ళిద్దరూ మళ్ళీ మాటల్లేకుండా అయిపోయారు" అని, చెప్పు తీసుకుని గేటేసింది. గేటు బయట నిలబడి అరగంట నాడి, వెన్నుపాము అని వివరించాను. లోపలున్న కుక్క తప్ప ఎవరూ వినలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో నిశ్చయించుకున్నాను. ఆయన్ని తీసుకొచ్చి తీరాలి, అదీ వాళ్ళ మాటలతోనే. మర్నాటి నుంచి నేను చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను. వచ్చిన ప్రతి రోగినీ, "దీన్ని మీ ఊళ్ళో ఏమంటారండి?" అని అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నాను. స్పర్శ లేదని ఎవరూ అనరు, మొద్దుబారిందంటారు. చీమలు పాకినట్టుందంటారు. ప్రవర్తనలో మార్పు అని ఎవరూ అనరు, "మనిషి మునుపటి మనిషి కాదమ్మా" అంటారు. ఆ ముక్క విన్నప్పుడు మాత్రం, పోయిన వారం నేను నార్మల్ అని చెప్పిన అత్తగారు గుర్తొచ్చి, డాక్టరమ్మ దగ్గరికెళ్ళి నిజం చెప్పి, ఆ కోడలికి మళ్ళీ రమ్మని ఫోను చేశాను.

రెండో ఆదివారం తిన్నగా తమ్ముడింటికే వెళ్ళాను. ఆయన వరండాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. "ఒక్క నిమిషం అట్లాగే కూర్చోండి బాబాయ్. పిన్నీ, మీ పప్పుగుత్తి ఒకసారి ఇస్తారా?" అన్నాను. ఆయన భార్య తమాషా చూద్దామని తెచ్చిచ్చింది. ఆయన వద్దనేలోపు దాని కాడతో మోకాలి చిప్ప కింద తట్టాను. మొదటిసారి ఎముకకి తగిలి "అబ్బా" అన్నాడు. రెండోసారి కాలు ఎగిరి ఎదురుగా ఉన్న చెంబుని తన్నింది.

"నీకూ ఉంది" అంది భార్య. "నాకెప్పట్నుంచో తెలుసు."

"అందరికీ ఉంటుందండి. అది పగ కాదు, నేను వాడిన మాట తప్పు" అన్నాను. "వేడి పెనం మీద వేలు పడితే ఆలోచించి తీస్తారా? తీసిన తర్వాతే కాలిందని తెలుస్తుంది. ఇదీ అంతే, తలకాయ దాకా పోకుండా వెన్నులోనే తేలిపోయే పని. కాకపోతే తలకాయలోంచి ఒక పగ్గం వచ్చి దాన్ని మరీ ఎగరకుండా పట్టి ఉంచుతుంది. మీ అన్నకి మెడ దగ్గర ఆ పగ్గం నలిగిపోతోంది. అందుకే కాళ్ళు అట్లా లేచినయ్యి. మీ మీద కోపమొచ్చి కాదు."

ఆయన తన మోకాలిని ఒకసారి తడుముకున్నాడు. "ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా తల్లీ."

"ఆ రోజుకి నాకు తెలియదండి" అన్నాను. అడిగిన సరుకు మా దగ్గర లేదని నేను పుట్టి బుద్ధెరిగాక ఒప్పుకోవడం అదే మొదలు. నాలిక మీద ఆ మాట కాకరకాయ రసంలా ఉంది, కానీ ఆయన వెంటనే లేచి చెప్పులేసుకున్నాడు.

అన్నగారి గేటు ఆయనే తీశాడు. పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, చొక్కాకి పైగుండీ ఒక్కటే పెట్టి ఉంది. తమ్ముడు వంగి మిగతావి పెట్టాడు. "రేపు పొద్దున్నే కారు తెస్తా. తయారుగా ఉండు."

"మళ్ళీ తంతానేమోరా."

"తన్ను. ఈసారి పక్కన కూర్చుంటాలే."

సోమవారం స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. ఆ వారంలోనే పెద్దాసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. నెల గడిచాక డాక్టరమ్మ నన్ను ఖాయం చేసింది, ఆవిడ మొదట ఇస్తానన్న జీతానికే. నేను నోరెత్తలేదు. అక్కడ తొమ్మిదేళ్ళు చేశాను, ఆ నోటుపుస్తకం నాలుగు పుస్తకాలైంది. ఇప్పుడు ఈ పనిలో కొత్తగా చేరే పిల్లలకి నేనే నేర్పుతుంటాను. ఎవరైనా గడగడా "అసంకల్పిత ప్రతీకార చర్య" అంటే ఆ రోజుల్లోని నేనే కళ్ళ ముందు నిలబడినట్టుంటుంది, బస్తా మీద కూర్చున్న ధీమాతో. నవ్వొస్తుంది. తిట్టాలని మాత్రం అనిపించదు.

ఇక అసలు లెక్క. పెద్దాయన గురువారం వచ్చాడు, మళ్ళీ వచ్చింది పై సోమవారం కాదు, ఆ పై సోమవారం. పదకొండు రోజులు నా మూలంగా పోయాయి. చేతికర్ర సాయంతో చేలో తిరుగుతున్నాడు, గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. ఎడమకాలి చివరి రెండు వేళ్ళు మాత్రం మొద్దుగానే ఉండిపోయాయి. ముందే వచ్చుంటే అవి దక్కేవా అని డాక్టరమ్మని అడిగాను. చెప్పలేం అంది. చెప్పలేనిదాన్ని నా వైపు తగ్గించి రాసుకోవడం న్యాయం కాదు. కాబట్టి ఆయన ఖాతాలో నడిచే కాళ్ళు రెండు, తమ్ముడు ఒకడు. నా ఖాతాలో ఆయన రెండు కాలివేళ్ళు.