ఆదిశేషమ్మ గంప, చైనా కుస్తీ

మా ఉదయగిరిలో చిరుతను చూపుతోనే వెనక్కి పంపినవాళ్లు ఇద్దరున్నారు. ఆ రెండు కథలూ నేనే పుట్టించాను కాబట్టి వాటిని వదిలేయండి. మా పెద్దమ్మ ఆదిశేషమ్మ మాత్రం అంతకంటే మొండి మృగాన్ని, ఆత్మకూరు బస్టాండులో సీటు కోసం ఎగబడే మగమనిషిని, చెయ్యి ఎత్తకుండా పక్కకు పంపింది. ఇందులో నా కల్పన చాలా తక్కువ.

పెద్దమ్మ పని సీతాఫలాలు అమ్మడం. కొండ మీద కోసిన కాయలను గంపలో ఆకులు పరిచి పేర్చి, తల మీద చుట్టకుదురు పెట్టి, పొద్దున్నే బస్సెక్కి ఆత్మకూరు పోయేది. గంపను చేత్తో పట్టుకోవడం ఆమెకు నామోషీ. గంప తల మీద ఉండగానే నిలబడి తమలపాకుకు సున్నం రాసుకునేది. తొమ్మిదో తరగతిలో బడికి దండం పెట్టి ఆటో పట్టిన నేను, అంత నిలకడగా ఏ రోడ్డు మీదా నడపలేదు.

కిందటేడు ఆత్మకూరులో బస్సు దిగుతుంటే వెనక నుంచి ఎవరో తోశారు. గంపతో సహా పడింది. చీలమండ విరిగింది. ఎముక అతుక్కుంది గానీ నిలకడ తిరిగి రాలేదు. ఖాళీ గంప ఎత్తుకున్నా కాళ్లు వణికేవి.

"నేల కదుల్తా ఉండాదిరా," అనేది.

"ఇంట్లో కూర్చో పెద్దమ్మా, నేను సాకుతాను."

"ముందు నీ ఆటోకి తాగను డీజిల్ పొయ్యి. నా గంప నేను మోసుకుంటే నేను బతికినట్టు. లేదంటే నన్ను మీరు మోసినట్టే."

ఆత్మకూరులో ఫిజియోథెరపీ చేసే సుజన దగ్గరికి తీసుకుపోయాను. ఆ అమ్మాయి చెన్నైలో చదివేటప్పుడు తాయ్ చీ నేర్చుకుందట, పోయిన నిలకడకు అదే మందంది. చైనావాళ్ల యుద్ధవిద్య అంటే గోడలెక్కి దూకుతారనుకున్నాను. సుజనా, పెద్దమ్మా కుండలో పాలు తొణక్కుండా మోసేవాళ్లలా గదిలో మెల్లగా కదులుతున్నారు.

"బరువంతా ఒక కాలికి ఇయ్యండమ్మా. రెండోది ఖాళీ అయినాకనే అడుగెయ్యండి," అంటోంది సుజన. తర్వాత పెద్దమ్మ భుజాన్ని మెల్లగా నెట్టింది. పెద్దమ్మ బిగుసుకుని ఎదురు తోసి, తూలింది.

"నేను తోస్తే మీరు తోస్తారెందుకు? నా బలాన్ని పోనీండి. నడుం తిప్పి దారియ్యండి, చాలు."

"ఇది కుస్తీనా, కోడి గుడ్లు పొదిగేదా?" అన్నాను నేను.

"రా అన్నా, తోసి చూడు," అంది సుజన.

తోశాను. మరుక్షణం గుమ్మాన్ని కౌగిలించుకుని ఉన్నాను. అది పడిపోకుండా పట్టుకున్నానని ఈనాటికీ అందరికీ చెబుతుంటాను.

అప్పటి నుంచి పెద్దమ్మకు అదే లోకమైంది. తెల్లవారుజామున తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, కొండకేసి నిలబడి చేతులు లేపేది, దించేది. కసువు ఊడ్చినా, బిందె ఎత్తినా అదే పద్ధతి. ముందు కాలు, తర్వాత నడుం, ఆ తర్వాతే చెయ్యి. కొన్నాళ్లకు ఉత్త చుట్టకుదురు తల మీదికెక్కింది. తర్వాత ఖాళీ గంప. అందులో ఒక్కో రాయీ చేరుతూ వచ్చింది.

ఒక శుక్రవారం ఎదురింటి వెంకమ్మ ఈ వైభవాన్ని కళ్లారా చూసింది. తడి జుట్టు, సగం మూసిన కళ్లు, గాల్లో తేలే చేతులు. ఇంకేముంది, అమ్మవారు పూనిందనుకుంది. వేపమండ వేసిన బిందెడు పసుపు నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసింది.

"తల్లీ, మా బోరులో నీళ్లు ఎప్పుడు పడతాయి?"

"కసరత్తు చేస్తా ఉండాను మే. నేను ఆదిశేషమ్మనే."

"అమ్మవారు ఎప్పుడు ఒప్పుకునింది గనక," అని వెంకమ్మ కర్పూరం వెలిగించింది.

మరుసటి శుక్రవారానికి వీధంతా వచ్చింది. టెంకాయలు, రవికె గుడ్డలు, చీరలు. బేరం నాకు బాగానే నచ్చింది. దుత్తలూరు దాకా నా ఆటోలో మైకు పెట్టి చాటిస్తానన్నాను. పెద్దమ్మ నన్ను చూసిన చూపుకు పైన చెప్పిన రెండు చిరుతలూ పారిపోయేవి.

ఆమె ఆ చీరలను ముట్టుకోలేదు. "సరే, అందరూ నిలబడండి. మోకాళ్లు సడలించండి. ఊపిరి కిందికి వదలండి," అంది. అమ్మవారి ఆజ్ఞ కదా, వీధి మొత్తం చేతులు లేపి దించింది. నెల తిరిగేసరికి వెంకమ్మ చెయ్యి ఊతం లేకుండా పీట మీద నుంచి లేస్తోంది.

చిక్కు సీతాఫలాల సీజన్ మొదలయ్యాక వచ్చింది. పెద్దమ్మ గంప నిండా కాయలు పేర్చగానే వెంకమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అమ్మవారు బజార్లో కాయలమ్మేదేంది? కూర్చో తల్లీ, మేం తెచ్చి పెడతాం."

"కూర్చుంటే లేచేది మరిచిపోతానే. పక్కకు జరుగు."

వెంకమ్మ జరగలేదు. పెద్దమ్మ నడుం తిప్పింది. వెంకమ్మ లోపల ఉంది, గంప వీధిలో ఉంది.

ఆ రోజు నేను ఆటో వదిలి బస్సులో ఆమె వెంట పోయాను. ఆత్మకూరులో దిగుతుంటే ఆమె అరచేతులు తడిసి ఉన్నాయి. కిందటేడు పడింది ఆ చోటే. మేం కాళ్లు కింద పెట్టామో లేదో, నెల్లూరు బస్సు వచ్చి ఆగింది. జనం లేచారు. అందరికంటే ముందు కోటేశ్వర్, సిమెంటు అంగట్లో మూటలు మోసే భారీ మనిషి, కిటికీలో తువ్వాలు వేసి సీటు ఆపుకోవాలని తలొంచుకుని దూసుకొచ్చాడు. దారిలో పెద్దమ్మ ఉంది. నేను అరిచేలోపే మీదికొచ్చేశాడు.

అతని భుజం ఆమె భుజానికి తగిలింది. ఆమె ఎదురు తొయ్యలేదు. బరువంతా ఎడమ కాలిలోకి దిగింది, నడుం తలుపులా తిరిగింది. గంప ఒక్కసారి ఊగి నిలిచింది. కోటేశ్వర్ అలాగే ముందుకు పోయి అరటిగెలల బండి మీద వాలాడు. తువ్వాలు మాత్రం కిటికీలో పడింది.

అతను లేచి గెలలను, ఆమెను మార్చి మార్చి చూశాడు. "ఏం చేసినావమ్మా నన్ను?"

"నేనేం చేసినాను నాయనా? నువ్వు పోతా ఉంటే దారిచ్చినాను."

ఆమె కాళ్లకేసి చూశాను. వణుకు లేదు.

ఇప్పుడు నా ఆటో ఎక్కినవాళ్లందరికీ ఈ కథ చెబుతాను. మూటలు మోసేవాళ్లు ఏడుగురు ఏడు దిక్కులకు ఎగిరిపడ్డారనీ, గంపలో ఒక్క కాయైనా కదల్లేదనీ. నిన్న పెద్దమ్మ వెనక సీట్లోనే ఉంది.

"ఒక్కడేరా. ఒక కాయ కూడా పడింది," అంది.

"పడిందా? నేను చూడలేదే."

"పడి పగిలింది. బస్టాండు మెట్ల మీద కూర్చుని నేనే తినేసినాను. మంచి తియ్యంగా ఉండాది. ఉన్నది చెప్పు, అది చాలు. దుత్తలూరు వచ్చినట్టుండాది, ఆపు. గంప ఎత్తుకోవాల."

ఆటో ఆపి, గంప దించడానికి చెయ్యి చాచాను. నా చెయ్యి ఆమె పక్కనుంచి ఎటో పోయింది. గంప అప్పటికే ఆమె తల మీద ఉంది.