సూదిమొన కోసం వెతుకులాట

మా మనుమరాలికి కాన్పు దగ్గర పడింది. పుట్టిన బిడ్డను కొత్త బట్ట మీద పడుకోబెట్టరు మా ఇళ్ళల్లో. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన చీరతో కుట్టిన బొంత ఉండాల్సిందే. ఇన్నేళ్ళూ ఆ బొంతలన్నీ మా ఇంటామె చేత్తో కుట్టింది. ఇప్పుడు ఆమెకు కీళ్ళ నొప్పులు, వేళ్ళు వంగవు. నేను మిషన్ మీద కుడతానని అనేశాను. అన్నాక భయం పట్టుకుంది.

చింతామణి టౌనులో హొలిగె తరబేతి, అంటే కుట్టుపని శిక్షణ, అని కన్నడంలో బోర్డు పెట్టిన చోటికి పోయి నేర్పమని అడిగాను. ఆడవాళ్ళకేనట. కన్నడ అక్షరాలు బస్సుల బోర్డులు చూసి, ఇంగ్లీషు బట్టల తానుల మీద ముద్రలు చూసి నేర్చుకున్నవాణ్ణి నేను. బడి పంతుళ్ళే అక్కరలేనివాడికి వీళ్ళ తరబేతి ఎందుకు? ఆ కోపంతోనే బాగేపల్లి బస్సెక్కి, మిషన్లు బాగుచేసే ఆయన దగ్గర సూది పక్కన బట్టను అదిమిపట్టే స్ప్రింగు పాదం ఒకటి కొన్నాను. ఎవరికప్పా అని అడిగాడు. నాకే అంటే నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ పని పేరు ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అని మనుమరాలు చెప్పి, ఫోన్లో వీడియోలు పెట్టి ఇచ్చింది. బట్టను ముందుకు లాగే మిషన్ పళ్ళను కిందికి దించేయాలి. సూది ఒక్కచోటే ఆడుతుంటుంది. దాని కింద బట్టను మన చేతులే నడపాలి. వీడియోలో ఆవిడ భుజాలు వదులుగా పెట్టుకోమంటుంది. వదులుగా ఎట్లా ఉంటాయి? కింద పరిచేది పసిబిడ్డకు కదా.

పాత పంచెల మీద సాధన మొదలుపెట్టాను. పాదం దించడం మరిచిపోతే అడుగున దారం గూడు కట్టేది. అంతకన్నా పెద్ద తప్పు నా చేతిది. బట్టల అంగట్లో ఏళ్ళ తరబడి గజంబద్ద మీద బట్ట లాగి కొలిచిన చెయ్యి, సూది గుడ్డలో ఉండగానే లాగేసేది. సూది వంగి టక్కున విరిగేది.

మంచం మీద నుంచి మా ఆమె చూస్తూ ఉండేది. "కొలిచి చించి ఇచ్చేదానికి ఇది అంగడి కాదయ్యా," అంది ఒకరోజు. "సూది పైకి లేసినాక జరుపు. యాడికి పోతుంది బట్ట?"

ఆమె ఒంటిమీదివి కాక మెత్తటి చీర ఇంట్లో ఒక్కటే మిగిలింది. తక్కినవన్నీ స్టీలు సామాన్లవాడికి వేసేసింది. ఆ నీలం చీరను మడత మీద మడతగా పరిచి మొదలుపెట్టాను. వంకరలు చేయి తిరగనివాడు వత్తిన మురుకుల్లా వచ్చినా, సగం బొంత అయింది. అప్పుడు బట్లహళ్ళి నుంచి కూతురు ఫోన్ చేసింది. మనుమరాలిని ఆస్పత్రికి తీసుకుపోయారట. ఆ మాటకు నా చెయ్యి ఉలిక్కిపడి లాగింది. సూది విరిగింది. మొన కనపడలేదు.

మిషన్ కింద, నేల మీద, చీర మడతల్లో వెతికాం. పాత రేడియో స్పీకరులోని అయస్కాంతం తీసి బొంతంతా తిప్పాను. లేదు. చొక్కా విప్పి బొంత మీద పొర్లాను. భుజం కింద చురుక్కుమంది. మొన దొరికిందని సంతోషపడి, దాన్నీ మిషన్‌లో మిగిలిన ముక్కనూ కలిపి కొత్త సూది పక్కన పెట్టి చూశాను. ఆవగింజంత తక్కువ; ఆ కాస్త ఇంకా బొంతలోనే ఉండాలి.

ఇద్దరం ఆ మూడింటినీ చూస్తూ కూర్చున్నాం. ఆడబిడ్డ పుట్టిందని, ఇద్దరూ బాగున్నారని మళ్ళీ ఫోన్ వచ్చింది. బొంత తెమ్మన్నారు.

"ఇది పంపేది లేదు," అంది మా ఆమె.

ఆమె లోపలికి పోయి, కట్టుకున్న పాత చీర మార్చుకుని, దాన్ని ఉతికి ఆరేసింది. కుట్టు లేకుండా నాలుగు మడతలు వేసి అదే పంపించాం. బిడ్డ దాని మీదే పడుకుంది.

"తాతా, నువ్వు కుట్టింది ఎప్పుడు పంపిస్తావు?" అని మనుమరాలు ఫోన్లో అడుగుతూనే ఉంది. కొంచెం పని మిగిలుందని చెబుతున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక చొక్కా విప్పి ఆ బొంత మీదే పడుకుంటున్నాను, ఒక రోజు ఒక పక్క, ఇంకో రోజు ఇంకో పక్క. ఇంతవరకూ ఏమీ గుచ్చుకోలేదు.