మాట అందించిన మనిషి

మా పక్కింటి అంకుల్ పోయారన్న కబురు మంగళవారం ఆఫీసులో ఉండగా తెలిసింది. ఆయన కూతురు మెసేజ్ పెట్టింది. "నాన్న నిద్రలనే పోయిండక్కా. ఫ్యునరల్ ఫ్రైడే. నువ్వు వస్తవు కదా." ఏదో రాయబోయి మూడుసార్లు చెరిపేశాను. చివరికి "వస్తాను" అని మాత్రం పంపి, ట్రామ్ ఎక్కి, మేముండే గంగాలిన్ శివారుకి వచ్చేశాను.

ఆయన నాటకాలకు ప్రాంప్టరు. స్టేజీ పక్కన తెర చాటున కూర్చుని, నటులు మాట మరిచిపోతే చిన్న గొంతుతో అందించే మనిషి. తెలంగాణలో, కాకతీయుల నాటి రాతికోట గోడల మధ్య ఇమిడిపోయిన చిన్న ఊరు ఆయనది. ఏటా ఎండాకాలంలో కోట దర్వాజా ముందు మూడు రోజులు సంగీత, నాటక ఉత్సవాలు జరుగుతాయి. బడిలో లెక్కలు చెబుతూనే ముప్పై ఏళ్లు వాటికి మాట అందించారు. ఒక్కసారి కూడా ముఖానికి రంగు వేసుకోలేదు. భార్య పోయాక కూతురి దగ్గరికి కాన్‌బెర్రా వచ్చేశారు.

ఇక్కడికొచ్చినా ఆ అలవాట్లు పోలేదు. ఎవరితో మాట్లాడినా ఎదురుగా కాక కాస్త పక్కకు నిలబడేవారు. ఎవరైనా మాట కోసం తడుముకుంటే ఆయన పెదాలు కదిలేవి.

నేనూ నా భర్తా విడిపోయి అప్పటికి మూడు నెలలు. అమ్మకి చెప్పలేదు. ఒక ఆదివారం పొద్దున పెరట్లో నిలబడి ఫోన్ మాట్లాడుతుంటే, "అల్లుడుగారేరే?" అని అడిగింది. నాకు నోరు పెగల్లేదు. ఫెన్స్ అవతల టమాటా మొక్కలకు నీళ్లు పోస్తున్న అంకుల్, నావైపు చూడకుండానే మెల్లగా అన్నారు.

"నేను బాగనే ఉన్న. కని ఒక్కదాన్నే ఉన్న."

అదే మాట మా గోదావరి యాసలో అమ్మకి చెప్పేశాను. మా సంగతి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. మా ఇంటిముందు ఒకే కారు ఉండటం గమనించి ఉంటారు. తర్వాత ఎప్పుడో ఆ సంగతి ఎత్తితే, "మాట మరిచిపోవుడు తప్పు కాదు బిడ్డా. ఆగిపోయినోణ్ణి ఒక్కణ్ణే వదిలేసుడు తప్పు," అన్నారు.

కిందటి మే నెలలో నేను అమ్మను చూడటానికి బయల్దేరుతుంటే, ఉత్సవాలకు తోడు వస్తావా అని అడిగారు. కూతురికి సెలవు దొరకలేదు. ఆయన ఆ ఊరు చూసి ఏడేళ్లయింది. ఇక్కడ స్వెట్టర్లు బయటికి తీసే రోజులు, అక్కడ కోటరాళ్లు సెగలు కక్కుతున్నాయి. దిగగానే ఆయన అడిగింది ప్రాంప్టరు ఎక్కడ కూర్చుంటాడని. ఇప్పుడు ఆ పద్ధతి లేదని, అందరూ కంఠతా పట్టి వస్తారని నిర్వాహకుడు చెప్పాడు. అంకుల్ సరేనని తలూపి రెండో వరసలో కూర్చున్నారు.

ఆ సాయంత్రం వేసింది ఆయనకు బాగా తెలిసిన నాటకం. తల్లి వేషం వేసినావిడ కొడుకు ముందు నిలబడి మాట్లాడుతూ హఠాత్తుగా ఆగిపోయింది. ఒక్క క్షణం, రెండు క్షణాలు. అంకుల్ మాట అందించారు. పెద్దగా ఏమీ కాదు, కానీ ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. ఆవిడ మరిచిపోలేదు. దర్శకుడు అక్కడ కావాలనే ఆపాడు. మా వెనక ఎవరో నవ్వారు. బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన వచ్చి, మాట్లాడవద్దని మర్యాదగానే చెప్పి వెళ్లాడు.

మర్నాడు అంకుల్ లాడ్జి గది కదల్లేదు. కిటికీలోంచి పాటలు వినిపిస్తున్నాయి. గోడవైపు తిరిగి పడుకునే అన్నారు. "ఆ ఆగుడు ఎంత మంచిగుండె. నేనే ఖరాబు చేసిన."

నేను మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున తల్లి వేషం వేసినావిడే వెతుక్కుంటూ వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి. ఆయన మంచం పక్కన కూర్చుని, "అన్నా, నీ గొంతు వినంగనే పాణం లేచొచ్చింది. పదహారేండ్లప్పుడు నువ్వు లేకుంటే స్టేజి దిగి ఉరుకుతుంటి," అంది. ఆయన ఆవిడ పిల్లల గురించి అడిగారు. ఆవిడ వెళ్లాక, "నన్ను ఓదార్చనీకె అన్నది. అయినా మంచిగ అన్నది," అన్నారు.

తిరిగొచ్చాక మేమిద్దరం ఆ ప్రయాణం ఊసెత్తలేదు. శుక్రవారం అంత్యక్రియలకు పట్టుమని పదిహేను మందిమి లేము. మనవరాలు ఇంగ్లీషులో బాగా మాట్లాడింది. నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాను. చెప్పాలనుకున్నది ఉత్సవాల్లో ఆ మూడో సాయంత్రం గురించి.

జనం అడిగారని అదే నాటకాన్ని ఆ రోజు మళ్లీ వేశారు. అంకుల్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. అన్నిటికన్నా వెనక వరసలో, చివరి కుర్చీలో కూర్చున్నారు. తల్లి వేషంలో ఆవిడ సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. కోట దర్వాజా ముందు జనమంతా ఊపిరి బిగబట్టారు. పక్కకు చూశాను. ఆయన జేబురుమాలు మడిచి నోటికి గట్టిగా అడ్డం పెట్టుకున్నారు. కళ్లు స్టేజీ మీదే ఉన్నాయి. రుమాలు వెనక పెదాలు కదులుతున్నాయి.