ఏటి నడుమ దిబ్బ మీద ముక్కులేని దేవుడు

నంద్యాలలో ఒక హైస్కూల్లో నేను చరిత్ర, భూగోళం రెండూ చెబుతాను. ద్వీపమంటే నాలుగు వైపులా నీరున్న నేల అని చెప్పిన రోజు, ఎనిమిదో తరగతి లక్ష్మీదేవి లేచి, తాగేదానికే నీళ్లు లేని సీమలో చుట్టూ నీళ్లు యాడుంటాయని అడిగింది. అలాంటిదొకటి చూపిస్తానని మాటిచ్చేశాను. ఆళ్లగడ్డ దగ్గర ఏటి నడుమ ఒక దిబ్బ ఉందనీ, దాని మీద పాత విగ్రహాలు, ముదురు చెట్లు ఉన్నాయనీ ఎవరో అంటే విన్నాను, అంతే. మా హెడ్మాస్టరు గారికి బడి దాటి పోవడమే గిట్టదు. చివరికి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. నేర్చుకున్నదేమిటో పిల్లలంతా రాయాలి, ఆయనే స్వయంగా చదువుతారు. అది వనభోజనమని తేలితే ఇదే మొదటి యాత్ర, ఇదే చివరిది.

1955 నవంబరులో ఒక శనివారం ఉదయం ఆరింటికి ఇరవై రెండు మంది పిల్లలతో బస్సెక్కాను. ఆళ్లగడ్డకు పెద్దలకు పన్నెండణాలు, పిల్లలకు అందులో సగం. ఇంజను వేడెక్కి రెండు చోట్ల ఆగినందువల్ల చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. అక్కడినుంచి రెండు మైళ్లు మట్టిబాట. పిల్లలు నడిచారు. చిత్రాన్నం మూటలు, నీళ్ల కుండ, నేను మాత్రం పీరా సాయిబు ఎద్దులబండి ఎక్కాం. బండిలో అప్పటికే ఒక ముసలాయన గోనెపట్టా చుట్టిన బరువును ఒళ్లో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనను పేరైనా అడగకుండా దారి పొడుగునా విజయనగర రాజుల గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా తలూపుతూ విన్నాడు. నా క్లాసులో అంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు.

ఏరు మోకాటి లోతు ఉంది. ఒకరి చేయి ఒకరు పట్టుకుని దాటాం. తీరా చూస్తే దిబ్బకు పడమటి పక్క పాయ ఎండిపోయింది, అక్కడ మేకలు మేస్తున్నాయి. లక్ష్మీదేవి నోటుబుక్కూ పెన్సిలూ సిద్ధంగా పట్టుకుని, "సార్, మూడు దిక్కులే నీళ్లుండాయి. ద్వీపకల్పమని రాసుకోవాల్నా?" అంది. వర్షాకాలంలో ఇది ద్వీపమేనని గట్టిగా చెప్పి, పిల్లలను తొందరగా చెట్ల కిందికి తోలాను.

అక్కడ నా అదృష్టం పండిందనుకున్నాను. చెట్ల మొదళ్ల చుట్టూ పదుల కొద్దీ రాతి విగ్రహాలు. వాటిలో ఒక నరసింహస్వామికి ముక్కు లేదు. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? ఇది నాలుగు వందల ఏళ్లనాటిదని, ఎండకు, వానకు ముక్కు అరిగిపోయిందని, కిరీటం చెక్కిన తీరే దాని వయసు చెబుతోందని అరగంట సేపు ఉపన్యసించాను. పిల్లలు ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నారు. బండిలో వచ్చిన ముసలాయన చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. నేను ఆగాక, పెద్ద పంతులు మాటకు అడ్డం రాకూడదని ఊరకున్నానంటూ నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"ఆ సామి నా చేతిపనే సార్. మొన్న దసరా ముందర ఉలి జారి ముక్కు పాయ."

ఆయన పేరు ఓబుళాచారి. తాతల కాలం నుంచి ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇల్లు. దెబ్బతిన్న విగ్రహం పూజకు పనికిరాదు. అమ్మకూడదు, పగలగొట్టడానికి మనసొప్పదు, మెట్టురాయిగా వేసుకుంటే పాపం. అందుకే తెచ్చి ఈ దిబ్బ మీద పెడతారట. పైనున్నవి తనవి, వాటి కింద నాయనవి, అన్నిటికన్నా అడుగున తాతవి. గోనెపట్టా విప్పితే చిటికెనవేలు విరిగిన అమ్మవారు బయటపడింది.

"దేవుండ్లుండే చోటని ఈడ ఎవురూ పుల్ల ఇరవరు సార్. అందుకే కొంగలు గూళ్లు కడతాండాయి," అన్నాడు.

తలెత్తి చూశాను. గట్టు పొడుగునా చెట్లన్నీ వంటచెరుకుకు పోయి బోడిగా ఉంటే, ఈ దిబ్బ మీద మాత్రం కొమ్మకొమ్మకూ గూడు ఉంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పిల్లలు నోట్సు పట్టుకుని నా మొహం చూస్తున్నారు, హెడ్మాస్టరు గారి మొహం నా కళ్ల ముందు ఆడుతోంది. నాలుగు వందల ఏళ్లూ అలాగే ఉంచేయమంటే నా పరువు దక్కేది, యాత్రా దక్కేది. అమ్మవారిని చెట్టు కింద కూర్చోబెట్టడానికి ఆచారి పిల్లలను సాయం పిలిచాడు. అది చూశాక అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు రాయమన్నాను.

మంగళవారం హెడ్మాస్టరు గారు పిలిపించారు. ముందున్న ఇరవై రెండు వ్యాసాల్లో నాలుగైదు మొదటి వాక్యాలు పైకి చదివారు. అన్నీ ఒకటే. "మా సారు తప్పు చెప్పినారు." నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఎనిమిదేండ్లుగా మీ క్లాసు వ్యాసాలు చూస్తాండా. పిల్లోళ్లు ఇంత బాగా రాసింది ఎప్పుడూ లేదప్పా. వచ్చే ఏడూ పోండి. మళ్లీ తప్పు చెప్పినా ఫరవాలేదు."

బోర్డు మీద తప్పు రాస్తే ఎవరూ చూడకముందే తుడిచేయడం నా అలవాటు. ఓబుళాచారి ఇంట్లో మూడు తరాల వాళ్లు తమ తప్పులను గోనెపట్టాలో చుట్టి, ఏరు దాటించి, నలుగురూ చూసే చోట పెట్టారు. వాటి పుణ్యాన ఒక అడవి ముక్క బతికి ఉంది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గు, సంతోషం రెండూ కలుగుతున్నాయి. మీ బడిపిల్లలతో వెళ్లదలచుకుంటే అక్టోబరులోనే వెళ్లండి, నవంబరుకల్లా పడమటి పాయ ఎండిపోతుంది, నాలుగో దిక్కున నీళ్లు చూపించలేరు.