మడత లోపలి జీడి గుర్తు

దెయ్యాలున్నాయంటే నవ్వే మనిషిని నేను. ఇరవై ఏళ్ళు కాలవ రేవులో బట్టలు ఉతికాను, పక్కనే సమాధుల దొడ్డి. ఒక్కనాడూ ఏదీ కనపళ్ళేదు. పోయినోళ్ళు పోయినట్టే అని నా నమ్మకం. ఇప్పుడూ అదే అంటాను. కానీ పోయిన వేసవిలో జరిగిన ఈ ఒక్కటి మాత్రం నాకు అంతుబట్టలేదు.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మా అమ్మాయి మేరీ రాస్తోంది. కల్పించి ఒక్క ముక్క కలిపినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా ఆయన పెద్ద ఓడలో లాండ్రీ పని చేశాడు. పెద్ద యుద్ధం అయ్యాక, విమానాలు ఇంకా అందరికీ అందని రోజులవి. దొరలూ దొరసానులూ వారాల తరబడి ఓడల మీదే సముద్రాలు దాటేవాళ్ళంట. ఈయన బొంబాయిలో ఎక్కితే నెలలకి గానీ ఇల్లు చేరేవాడు కాదు. వచ్చాక అన్నం దగ్గర అవే కబుర్లు. లాండ్రీ ఓడ అడుగున, కిటికీ కూడా ఉండదంట. చుట్టూ అంత సముద్రం, ఉతకడానికి మాత్రం మంచినీళ్ళు కొలిచి ఇచ్చేవాళ్ళంట. మొహాలు చూడకుండా, చొక్కాలు చూసే ఎవరెలాంటోళ్ళో చెప్పేసేవాడు.

ఓడ రేవు వదిలేటప్పుడు పైనున్నోళ్ళు రంగు కాయితం రిబ్బన్లు విసిరేవాళ్ళంట. ఒక కొస వాళ్ళ చేతిలో, ఇంకో కొస ఒడ్డు మీద అయినోళ్ళ చేతిలో. ఓడ కదిలేకొద్దీ ఒక్కోటీ తెగిపోయేది. ఒక్కసారి దొంగతనంగా పైకెళ్ళి చూశాడంట. ఒడ్డు మీద నువ్వుంటే బాగుండేదే అన్నాడు నాతో.

తర్వాత ట్రిప్పు ట్రిప్పుకీ ఉతకాల్సిన దుప్పట్లు తగ్గిపోయాయి. జనం విమానాలెక్కేస్తున్నారని మాకే ముందు తెలిసింది అనేవాడు. చివరికి ఓడ ఆపేశారు. ఈయన ఇంటికొచ్చేశాడు.

ఎవ్వరూ నమ్మలేదు. కాయితాలూ ఫోటోలూ తుఫాన్లో పోయాయి. బొంబాయిలో ఏ హోటల్లోనో గుడ్డలుతికి ఓడంటున్నాడు అన్నారు చుట్టాలు. బళ్ళో మేరీని ‘ఓడ దొరగారమ్మాయి’ అని ఏడిపించేవాళ్ళు. ఏడుస్తూ ఇంటికొచ్చేది. తర్వాత తర్వాత వాళ్ళ నాన్నని ఓడ గురించి అడగడమే మానేసింది. ఆయనకి తెలుసు. కూతురు కూడా నమ్మట్లేదన్న దిగులుతోనే పోయాడు, పదకొండేళ్ళయింది. మేరీ, ఇది కూడా రాయి. దాటేయకు.

గుర్తు సంగతి చెప్పాలి. ఇంటింటి బట్టలు రేవులో కలిసిపోకుండా మేం గుర్తులు వేస్తాం. నల్లజీడి గింజని సూదితో పొడిచి, ఆ రసంతో. ఎన్ని ఉతుకులు పడ్డా పోదు. పచ్చిగా ఉన్నప్పుడు ఒంటికి తగిలితే మాత్రం రెండ్రోజులకి పొక్కేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన నా చీరకి ఒక గుర్తు వేశాడు. రెండు చుక్కలు, కింద గాలంలాంటి వంకర. ఏ ఇంటికీ వెయ్యనిది. నా నడుమంతా పొక్కి కొబ్బరినూనె రాసుకుని తిరిగాను. “నాకు అక్షరం రాదు కదే, ఇదే నా సంతకం” అన్నాడు.

ఆ గుర్తే ఓడలో ఒక దుప్పటికి వేశానని చెప్పేవాడు. పైవాళ్ళ కంట పడకుండా కాళ్ళవైపు ఎడమ మూల, మడత లోపల. నువ్వు రాకపోయినా నీ గుర్తు సముద్రం దాటిందే అనేవాడు.

ఇప్పుడు మేం ఉండేది ఈ పరాయి దేశంలో, తూర్పు సముద్రం వైపు ఐసెలిన్ అనే ఊరి దగ్గర. పోయిన వేసవిలో మేరీ నన్ను ఫ్లైట్‌లో ఈ దేశానికి ఆ పక్కనున్న సముద్రానికి తీసుకెళ్ళింది. అక్కడ పాత ఓడ ఒకటి ఒడ్డున కట్టేసి, చూసేవాళ్ళకి తెరిచి ఉంచారు. అది నాన్న ఓడేనా అనడిగాను. మేరీ ఫోన్లో వెతికింది. ఆయన చెప్పిన ఓడని ఎప్పుడో ముక్కలు చేసేశారంట. ఇది వేరే కంపెనీది.

“ఆ పేరుతో ఓడ ఉండేది, అంతేనమ్మా. అందులో నాన్న ఉన్నాడని ఎక్కడా లేదు. మళ్ళీ మొదలుపెట్టకు” అంది.

మధ్యాహ్నం. గుండ్రటి కిటికీలోంచి ఎండ పడుతోంది. ఒక గదిలో అప్పటిలాగే మంచం వేసి, పక్క పరిచి, గుమ్మానికి తాడు కట్టారు. నేను తాడు కిందనించి దూరాను. ఎందుకు దూరానో అడిగితే చెప్పలేను. మేరీ వద్దమ్మా వద్దమ్మా అంటూనే ఉంది. కాళ్ళవైపు ఎడమ మూల మడత విప్పాను.

రెండు చుక్కలు. కింద గాలం.

బొటనవేలితో రుద్దాను. తడిగా అంటింది. మేరీ కూడా లోపలికొచ్చి చూసింది, ఫోటో తీసింది.

అక్కడ పనిచేసే ఆవిడొచ్చి మమ్మల్ని బయటికి పంపింది, మర్యాదగానే. మేరీ అడిగితే, పాత దుప్పట్లు చివికిపోతే మొన్న వసంతంలో షాపులో కొత్తవి కొన్నామంది. గుర్తు చూపిస్తే ఎవరో పెన్నుతో గీసుంటారంది. మేరీ కూడా అదే అయ్యుంటుందిలే అంది.

ఇంటికొచ్చిన మర్నాడు నా బొటనవేలు పొక్కింది.

మేరీ నన్ను కార్లో క్లినిక్‌కి తీసుకెళ్ళింది. ఇక్కడ పొదల్లో ఒక తీగ ఉంటుందంట, ఆకు తగిలితే అచ్చం ఇలాగే పొక్కుతుందంట. ఏ పొదల్లో తిరిగారని డాక్టరమ్మ అడిగింది. పొదల జోలికి పోలేదు, ఓడ ఎక్కామంది మేరీ.

బయటికొచ్చి కార్లో కూర్చున్నాక మేరీ స్టార్ట్ చెయ్యలేదు. ఫోన్లో ఆ గుర్తు ఫోటో తీసి చూసింది. తర్వాత అడిగింది, “అమ్మా, ఓడలో నాన్న ఎక్కడ పడుకునేవాడు?”

చిన్నప్పుడు మానేసింది అడగడం. మళ్ళీ ఆవేళే.

ఓడ ఆయనది కాదు. దుప్పటి కొత్తది. నల్లజీడి ఈ దేశంలో నేనెక్కడా చూళ్ళేదు. పెన్ను సిరాకి వేలు పొక్కదు. ఆయనే వచ్చాడని నేననను, నాకు తెలీదు. తెలిసినోళ్ళెవరైనా ఉంటే చెప్పండి. వేలి మీద నల్లటి మచ్చ ఇంకా ఉంది, ఫోన్లో ఫోటో ఉంది.

ఇక రాయడం ఆపుతానంటోంది మేరీ. ఆ కాయితం రిబ్బన్ల సంగతి మళ్ళీ మొదటినించీ చెప్పమంటోంది.